ఒకటో నంబరు శాక్సాఫోను

జూన్ 2, సోమవారం

ఇవాళ యంత్రం వచ్చింది. చెప్పుల పెట్టె అంత ఉంది. దానికో గొట్టం, గొట్టం చివర ముక్కుకు తగిలించుకునే తొడుగు. నిద్రలో గొంతు మూసుకుపోకుండా గాలి నెడుతూ ఉంటుందట. నిద్ర పరీక్షలో గంటకు ముప్ఫై ఎనిమిదిసార్లు నా ఊపిరి ఆగిందని తేలింది.

"ఊపిరి అన్నిసార్లు ఆగినా గురక మాత్రం ఒక్కసారీ ఆగలేదండీ," అంది మా ఆవిడ. రెండేళ్ళుగా పక్కగదిలో పడుకుంటోంది కాబట్టి అనే హక్కు ఉంది.

పోన్లే, దొంగ దొరికాడు. ప్రెస్సులో మూడో అంతస్తు ఎక్కేసరికి రొప్పు రావడం, బైండింగు బల్ల దగ్గర కూర్చుని జోగడం, నిన్న పార్కులో మా బ్యాండు వాయించే స్టాండు మెట్లు పదకొండు ఎక్కి శాక్సాఫోను నోట పెట్టుకునేలోపు కళ్ళు బైర్లు కమ్మడం, అన్నిటికీ ఈ నిద్ర లేకపోవడమే కారణం. నెల తిరిగేసరికి మళ్ళీ మామూలు మనిషినైపోతాను.

నిన్న సోలో చివర్లో సాగదీయాల్సిన స్వరాన్ని నేను మధ్యలో వదిలేస్తే బామ్మర్ది అందుకున్నాడు. రెండో శాక్సాఫోను వాడిది, నా పక్క కుర్చీ. అతుకు ఎక్కడుందో కూడా తెలియకుండా అందుకున్నాడు. బ్యాండు మాస్టారు వాడివైపు చూసి తలూపాడు. పంతొమ్మిదేళ్ళుగా ఆ తలూపుడు నాది.

నాకు అసూయేమీ లేదు. వాడికి వాయించడం నేర్పిందే నేను. ఉన్నదున్నట్టు రాసుకుంటున్నాను, అంతే.

జూన్ 5, గురువారం

ఏడు గంటలు నిద్ర. మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు. మా ఆవిడ తన దిండు తెచ్చి మళ్ళీ ఈ గదిలో వేసింది. ప్రెస్సు మెట్ల మీద మాత్రం రెండుసార్లు ఆగాను. కొత్త కదా, యంత్రం ఇంకా అలవాటు పడాలి.

జూన్ 8, ఆదివారం

బామ్మర్ది మొన్న చివరి స్వరం ఎంతసేపు పట్టగలనో చూడమని రిహార్సల్ హాల్లో అందరితో పందెం కాశాడు. ఇవాళ పార్కులో పట్టాడు. జేబులో చెయ్యి పెట్టుకుని వేళ్ళ మీద లెక్కపెట్టాను. ముప్ఫై ఒకటి. మొన్న శుక్రవారం తలుపు వేసుకుని నేను పట్టింది పద్నాలుగు.

మా ఆవిడ మూడో వరసలో కూర్చుని చేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టింది. తమ్ముడు అనేసరికి ఏనుగెక్కినంత సంబరం. "చూశారా, వాడి ఛాతీ ఎలా పొంగిందో!" అని ఇంటికొచ్చేదాకా అదే పాట. నలభై ఒక్క ఏళ్ళవాడి ఛాతీ పొంగడం కూడా ఒక వింతేనా? పొంగక ఏం చేస్తుంది?

వాడు వాయించాక గుడ్డముక్క కట్టిన తాడు లోపలికి వదిలి ఇవతలికి లాగుతాడు. నెలకోసారి గొట్టాలు విప్పి సబ్బునీళ్ళతో కడుగుతాడు. గడియారాలు బాగుచేసే చేతులు కదా, దుమ్ము కనిపిస్తే ఊరుకోవు. "ఏరా, ఇవాళ పిల్లకి తలంటి పోశావా?" అని నేను ఏడిపిస్తూ ఉంటాను.

నా ఒకటో నంబరు దాంట్లో నేను గుడ్డ పెట్టను. నాకు ముందు దాన్ని వాయించిన పెద్దాయన అప్పగిస్తూ ఒకే మాట చెప్పాడు: "లోపలిది కదపకు. ఇన్నేళ్ళ శబ్దం అక్కడే పేరుకుని ఉంది." నోటి దగ్గరుండే రీడ్లు మారుస్తాను, బయట తళతళలాడేలా తుడుస్తాను. లోపల మాత్రం పంతొమ్మిదేళ్ళలో నీటిబొట్టు తగలనివ్వలేదు. వాడికీ అదే నేర్పాను, వాడే వినలేదు. అందుకే వాడి శబ్దం కడిగిన గ్లాసులా ఉంటుంది. నాది వేరు.

మంగళ, శుక్రవారాల్లో పొద్దున రిహార్సల్ అయ్యాక మధ్యాహ్నానికల్లా ఒళ్ళు వెచ్చబడటం, పొడిదగ్గు ఇంకా తగ్గలేదు. వాతావరణం బాగోలేదు.

జూన్ 11, బుధవారం

యంత్రం పని చెయ్యట్లేదని పోట్లాడటానికే వెళ్ళాను. డాక్టరమ్మ దాన్లోంచి చిన్న చీటీలాంటి కార్డు తీసి కంప్యూటర్లో పెట్టింది. "గంటకు ముప్ఫై ఎనిమిది నుంచి మూడుకు దిగింది. యంత్రం బ్రహ్మాండంగా చేస్తోంది," అంది.

"మరి మెట్లెక్కితే రొప్పు ఎందుకు తగ్గలేదు?"

"అదే నేను అడగాల్సిన ప్రశ్న. ఇదివరకు మీరు నాకు గురక, మగత గురించే చెప్పారు. రొప్పు సంగతి ఎందుకు చెప్పలేదు?"

అదీ ఇదీ ఒకటే అనుకున్నానన్నాను. వేలికి ఆక్సిజన్ కొలిచే చిన్న క్లిప్పు తగిలించి వరండాలో ఆరు నిమిషాలు నడిపించింది. బయల్దేరినప్పుడు తొంభై అయిదు. నాలుగో నిమిషానికి ఎనభై ఆరు. నర్సు నన్ను పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. డాక్టరమ్మ వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, స్కాన్ రాసింది.

వరండాలో నాకంటే పెద్దాయన ఒకడు కర్ర పట్టుకుని టకటకా నడిచిపోయాడు. ఎవరో ఏమిటో తెలియదు. ఆయన్ని చూస్తే కూడా ఒళ్ళు మండింది.

జూన్ 14, శనివారం

స్కానుకు బామ్మర్ది వస్తానన్నాడు. వద్దన్నాను. వచ్చాడు. దుకాణం మూసుకుని, నా ఫైలు చంకలో పెట్టుకుని, ప్రతి గది ముందూ నాకంటే ముందు నిలబడ్డాడు. ఆస్పత్రిలో ప్రతివాళ్ళూ వాడితోనే మాట్లాడారు. నేనేదో వాడు మోసుకొచ్చిన సామానులా ఉన్నాను.

స్కాన్ తీసే ఆయనతో చెప్పనే చెప్పాడు, మా బావ శాక్సాఫోను వాయిస్తాడని. "అయితే ఊపిరి బిగబట్టడం మీకో లెక్కా!" అన్నాడాయన. గుండ్రటి యంత్రంలోకి బల్ల జరిగింది. ఊపిరి పీల్చండి, బిగబట్టండి అంది యంత్రంలోని గొంతు. బిగబట్టాను. దగ్గొచ్చింది. మళ్ళీ తీశారు. మళ్ళీ దగ్గొచ్చింది. మూడోసారికి ఆయన, "ఫర్వాలేదు లెండి, వచ్చినంత వరకే," అన్నాడు.

గాజు అవతల బామ్మర్ది నిలబడి నాకు చూపిస్తూ తనూ ఊపిరి బిగబట్టాడు. అలా పీల్చు బావా అన్నట్టు. సాయం చేస్తున్నాననుకున్నాడు. పుండు మీద కారం చల్లినట్టయింది నాకు.

జూన్ 17, మంగళవారం

ఒంటరిగా వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు.

నా ఊపిరితిత్తులు తెర మీద నల్లగా ఉండాలట. అక్కడక్కడ తెల్లటి మసక ఉంది, స్నానాల గది అద్దానికి ఆవిరి పట్టినట్టు. డాక్టరమ్మ పెన్నుతో ఒక్కొక్కచోటే చూపించింది. "మీకు రెండు జబ్బులు. ఒకటి నిద్రలో గొంతుది. దానికి యంత్రం ఉంది. రెండోది ఊపిరితిత్తులది. దాన్ని యంత్రం ఏమీ చెయ్యలేదు. మొదటిది దొరికింది కదా అని మీరు రెండోదాన్ని కూడా దాని నెత్తిన వేసేశారు."

తర్వాత పోలీసులా ప్రశ్నలు. ఇంట్లో పావురాలున్నాయా? గోడలు చెమ్మ పడతాయా? ప్రెస్సులో ఏం దుమ్ము? జిగురు ఏమిటి? అన్నిటికీ లేదు, కాదు. చివరికి, "సంగీతం వాయిస్తారు కదా. ఆ వాద్యాన్ని లోపల ఎప్పుడు కడిగారు?" అంది.

గర్వంగానే చెప్పాను. పంతొమ్మిదేళ్ళు.

ఆవిడ పెన్ను కింద పెట్టింది. రోజూ తడి ఊపిరి ఊది, ఎండనివ్వకుండా పెట్టెలో పెట్టి మూసేస్తే లోపల బూజు పెరగొచ్చట. వాయించేటప్పుడు పీల్చే గాలితో అది లోపలికి పోతే కొందరి ఊపిరితిత్తులు ఇలా తిరగబడతాయట. ఒట్టి అనుమానమే, పరీక్ష చేస్తే కానీ చెప్పలేనంది. మాత్రలు రాసింది. వాయించడం బంద్. వాద్యం పట్టుకురమ్మంది.

మా ఆవిడకు నేను చెప్పింది: మాత్రలిచ్చారు, నెల రోజులు విశ్రాంతి అన్నారు. కడగడం సంగతి చెప్పలేదు. చెబితే వాడి చెవిన పడకుండా ఉంటుందా? పంతొమ్మిదేళ్ళు వాణ్ణి ఏడిపించింది నేను.

జూన్ 19, గురువారం

ల్యాబులో ఒకమ్మాయి పొడుగాటి దూది పుల్ల శాక్సాఫోను మెడ గొట్టంలోకి దూర్చి తిప్పింది. ఇవతలికి తీసి చూసి ముక్కు ముడిచింది. నాకు చూపించలేదు, నేనూ అడగలేదు.

జూన్ 20, శుక్రవారం

వచ్చే నెల పదమూడున బ్యాండు వార్షికోత్సవం. సోలో బామ్మర్దికి ఇచ్చారు. దాంతోపాటు ఒకటో నంబరు శాక్సాఫోను కూడా. అది బ్యాండుదే, నాది కాదు. ముందు కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్ళకు.

పెట్టె నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. వాడు రెండు చేతులా అందుకున్నాడు. "బావా, నెల రోజులే. నీకు తగ్గగానే నీ కుర్చీలో నిన్ను కూర్చోబెట్టే పూచీ నాది," అన్నాడు. మాస్టారి కళ్ళు చెమ్మగిల్లాయి. నా కుర్చీ నాకు వాడు ఇప్పిస్తాడట!

ఒక మాట చెబుదామనే అనుకున్నాను. కానీ రిపోర్టు ఇంకా రాలేదు. రాని రిపోర్టు గురించి ఏం చెబుతాం? అనవసరంగా భయపెట్టినట్టవుతుంది.

జూన్ 23, సోమవారం

డాక్టరమ్మే ఫోన్ చేసింది. శాక్సాఫోను నిండా బూజేనట. రక్త పరీక్ష కూడా దానికి సరిపోయిందట. "దాన్ని బాగుచేయించేవరకు ఇంకెవరూ నోట పెట్టకుండా చూడండి. మర్చిపోకండి," అంది.

"అలాగేనండీ," అన్నాను.

సాయంత్రం వాడు ఫోన్ చేశాడు. కింది స్వరం గరగరలాడుతోంది, రీడు మార్చమంటావా, పెదవి ఇంకా బిగించమంటావా అని. పెదవి బిగించమన్నాను. పావుగంట మాట్లాడాడు. బూజు సంగతి మాత్రం నేను చెప్పలేదు.

వాడు శుభ్రం మనిషి. తీసుకెళ్ళిన రోజే కడిగి ఉంటాడు. కడక్కుండా ఉంటాడా? తప్పకుండా కడిగే ఉంటాడు.

జూన్ 24, మంగళవారం

రేపు చెప్పాలి.

జూన్ 26, గురువారం

ప్రెస్సు మెట్లు ఒక్కసారే ఆగి ఎక్కేశాను. మాత్రలు పనిచేస్తున్నాయి. దగ్గు కూడా తగ్గింది. చెప్పడానికి ఇవాళ కుదరలేదు.

జూన్ 29, ఆదివారం

మొదటిసారి కింద, బెంచీ మీద, మా ఆవిడ పక్కన కూర్చుని విన్నాను. పైన ఉన్నప్పుడు ఎవరి శబ్దం వాళ్ళకు సరిగ్గా వినపడదు. కింద వినపడుతుంది.

నా శాక్సాఫోను వాడి నోట్లో నాకంటే బాగా పలికింది. రాయకుండా ఉండొచ్చు, కానీ ఈ పుస్తకంలో కూడా అబద్ధం రాస్తే ఇంక నిజం ఎక్కడ చెప్పుకుంటాను? నేను పంతొమ్మిదేళ్ళు ఊదినా రాని మెత్తదనం వాడికి తొమ్మిది రోజుల్లో వచ్చింది. ముప్ఫై మూడు దాకా లెక్కపెట్టి ఆపేశాను. స్వరం ఆగలేదు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నేను వాయించినప్పుడు ఆవిడ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. బహుశా ఏడ్చే ఉంటుంది, పైనుంచి కనపడి ఉండదు.

అన్నం సయించలేదు. మా ఆవిడ మాత్రల వేడి అనుకుంటోంది.

జూలై 4, శుక్రవారం

పొద్దున రిహార్సల్ చేసుకుని బామ్మర్ది మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి వచ్చాడు. తింటుంటే దగ్గాడు. పొడిదగ్గు. మా ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి, "ఒళ్ళు కాలిపోతోంది కదరా!" అంది.

"ఏం లేదక్కా, జలుబు. వారం నుంచీ ఇంతే. పొద్దున బాగానే ఉంటాను, మధ్యాహ్నానికి చలి."

వేణ్ణీళ్ళు ఇచ్చింది. దుప్పటి కప్పింది. నేను పేపరు చదువుకుంటున్నాను. ఒకే పేజీ.

జలుబే అయ్యుంటుంది.

జూలై 6, ఆదివారం

ఇరవై రెండు.

వాడు ఇరవై రెండు దగ్గర స్వరం వదిలేశాడు. మాస్టారు ఈసారి తలూపలేదు. వాడు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు ఎగరేసి దగ్గాడు.

నాకు సంతోషం వేసింది.

రాసేశాను. పైకి చూసి మళ్ళీ చదువుకున్నాను. అదే ఉంది. ఒక్క క్షణం కాదు, మేళం సర్దుకుని అందరూ దిగేదాకా వేసింది. వాడు పదకొండు మెట్లు దిగి, కింద రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. ఆ నిలబడటం నాకు తెలుసు. ఎవరూ గమనించకుండా చెప్పు పట్టీ సర్దుకుంటున్నట్టు వంగుతాం, ఊపిరి కోసం. వాడు వంగాడు.

జూలై 7, సోమవారం

ప్రెస్సుకు సెలవు పెట్టి వాడి దుకాణానికి వెళ్ళాను. వాడు కంటికి అద్దం బిగించుకుని ఎవరిదో చేతి గడియారం విప్పుతున్నాడు. నన్ను చూసి ముఖం విప్పారింది.

"బావా! బస్టాపు నుంచి నడిచొచ్చావా? రొప్పు లేదే! అక్కకు ఫోన్ చేసి చెప్పాలి."

"ఒరేయ్, ఆ శాక్సాఫోను లోపల కడిగావా?"

"నీదాన్నా? నేనెందుకు కడుగుతాను బావా?" వాడికి కోపం కూడా వచ్చింది. "లోపలిది కదిపితే శబ్దం పోతుందని నువ్వే కదా చెప్పింది. నాదైతే నా ఇష్టం. నీది నువ్వెలా ఇచ్చావో అలాగే నీకు తిరిగివ్వాలి. గుడ్డ కూడా పెట్టలేదు, ఒట్టు."

కూర్చోడానికి అక్కడున్న ఒక్క స్టూలు మీద గోడ గడియారం ఉంది. నిలబడే చెప్పాను. బూజు సంగతి, నా స్కాన్ సంగతి, వాడిది జలుబు కాదన్న సంగతి. ఇంక దాన్ని ముట్టుకోవద్దు, రేపే ఆస్పత్రికి పోదాం అన్నాను.

వాడు కంటి అద్దం తీశాడు. "నీకెప్పుడు తెలిసింది?"

ఇవాళే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. "ఇరవై మూడో తారీఖు."

"కింది స్వరం గురించి నేను ఫోన్ చేసిన రోజా?"

"ఆ రోజే. పొద్దున."

"పద్నాలుగు రోజులు." వాడు గడియారం మూత చేతిలో పట్టుకుని తిప్పాడు. "ఎందుకు బావా?"

ఎన్ని రకాలుగానో చెప్పొచ్చు. దారంతా తయారుచేసుకునే వచ్చాను. "నువ్వు బాగా వాయిస్తున్నావురా," అన్నాను.

ఒకావిడ గడియారానికి బ్యాటరీ వేయించుకోడానికొచ్చింది. వేసి, సమయం సరిచేసి, పంపించాడు.

"అక్కకు తెలుసా?"

"లేదు."

"చెప్పకు. అక్క తట్టుకోలేదు. రిపోర్టు ఇవాళే వచ్చిందనుకుందాం."

జూలై 8, మంగళవారం

డాక్టరమ్మ వాడి వీపు మీద విని, నడిపించి, స్కాన్ తీయించింది. మసక కొంచెమే, రెండుచోట్ల. ఇంకా మొదట్లోనే ఉంది, ఆ శాక్సాఫోను మానేస్తే పూర్తిగా పోతుందంది. వాణ్ణి కూడా నెల రోజులు ఏదీ వాయించొద్దంది. సోలోని క్లారినెట్టు వాయించే ఆయనకు ఇచ్చేశారు. ఒకటో నంబరును మాస్టారు బాగుచేసేవాళ్ళ దగ్గరికి పంపించారు.

తర్వాత ఆవిడ నావైపు తిరిగింది. ముఖం ఎర్రబడింది. "ఎవరినీ ముట్టుకోనివ్వద్దని మీకు ఫోన్లో చెప్పలేదూ?"

నేను నోరు తెరిచేలోపే వాడు అందుకున్నాడు. "బావ ఆ రోజే చెప్పాడండీ. నేనే పట్టించుకోలేదు. చీవాట్లు నాకు పెట్టండి."

పెట్టింది. ముఖం వాచేలా పెట్టింది. వాడు తల వంచుకుని విన్నాడు. నేను పక్కన, పెద్దమనిషిలా, ఫైలు పట్టుకుని నిలబడ్డాను. బయటికొచ్చాక వాడు ఆ మాటే ఎత్తలేదు. ఆటో పిలిచి నన్ను ముందు ఎక్కమన్నాడు.

జూలై 9, బుధవారం

పొద్దున మా ఆవిడ బట్టలు మడతపెడుతుంటే ఎదురుగా కూర్చుని అంతా చెప్పేశాను. తారీఖులతో సహా. ఆదివారం నాకు సంతోషం వేసిన సంగతి కూడా.

ఆవిడ ఏడవలేదు, అరవలేదు. చేతిలో ఉన్న నా చొక్కాని సగం మడతపెట్టి ఆపేసింది.

"వాడికి తెలుసా ఇదంతా?"

"తెలుసు."

"నాకు చెప్పొద్దన్నాడా?"

"అన్నాడు."

"అనే ఉంటాడు. నా తమ్ముడు నాకు తెలియదూ? ఇప్పుడు వాడు వచ్చినప్పుడల్లా ఏమీ తెలియనట్టు నేను నటించాలి. మీ ముందేమో తెలిసినట్టు బతకాలి. వాడు వద్దన్నాక కూడా నాకెందుకు చెప్పారండీ?"

మనసు ఆగక చెప్పానన్నాను. ఆవిడ నమ్మినట్టే ఉంది. చొక్కా మడత పూర్తిచేసి, మిగతా బట్టల మీద పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది.

మనసు ఆగక కాదు. నా తప్పుని వాడు తన కడుపులో దాచుకుని, రోజూ నా ఇంటికొచ్చి, నా కంచం పక్కన కూర్చుని, నాకంటే మంచివాడిగా భోంచేసి వెళ్ళడం నేను చూడలేను. ఊపిరి వాడిదే ఎక్కువ, శబ్దం వాడిదే ఎక్కువ. ఆ మంచితనం కూడా వాడికే ఎక్కువ ఉండనివ్వడం నా వల్ల కాలేదు, అందుకని చెప్పాను.